అప్‌గ్రేడ్ అయ్యాక పాత ప్రోగ్రామ్ తెరుచుకోకపోతే

పాత విండోస్ ఎక్స్‌పీ తీసి విండోస్ 11 ఎక్కించాక నా లెక్కల ప్రోగ్రామ్ మొరాయించింది. డబుల్ క్లిక్ చేస్తే చిన్న చక్రం ఒకసారి తిరిగి మాయం. టెన్షన్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసేయకండి. ముందు డేటా ఫోల్డర్ కాపీ తీసి పెట్టుకోండి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో (కంప్యూటర్‌లో జరిగిన తప్పుల చిట్టా చూపే విండోస్ టూల్) విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్ తెరిచి, సరిగ్గా ప్రోగ్రామ్ ఆగిపోయిన నిమిషానికి పడిన ఎర్ర గుర్తు చూడండి. నాకు ‘యాక్సెస్ డినైడ్’ అని కనిపించింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో సెట్టింగ్స్ రాసుకోబోయి, అనుమతి లేక పడిపోతోందన్నమాట. రోజూ అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం నాకు నచ్చదు. అందుకే డి డ్రైవ్‌లో మామూలు ఫోల్డర్‌లోకి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, తెరుచుకుంది.

అది కాకపోతే ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ప్రాపర్టీస్‌లో, పాత విండోస్‌లో ఉన్నట్టు నడిపించే కంపాటిబిలిటీ ట్యాబ్ ఉంది. బాగా పాత తరం 16 బిట్ ప్రోగ్రామైతే మాత్రం అక్కడ టైం వృథా చేయొద్దు. 64 బిట్ విండోస్‌లో అది నేరుగా నడవదు, వర్చువల్ మెషీన్‌లో (మన కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) పాత 32 బిట్ విండోస్ పెట్టుకోవడం ఒక దారి.