తొలి కారు కొనేముందు: కొత్త డ్రైవరుకూ, డబ్బు పెట్టేవారికీ కొన్ని జాగ్రత్తలు

కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవారికి లైసెన్సు చేతికొచ్చిన తరువాతి మొదటి కొన్ని నెలలే అన్నింటికంటే ప్రమాదకరమైనవి. నేర్పేవారు పక్క సీటులో ఉన్నంతకాలం రోడ్డును రెండు జతల కళ్లు చూస్తుంటాయి. ఒంటరిగా బయలుదేరిన రోజు నుంచి ఎదురుగా వచ్చే బండి వేగాన్ని అంచనా వేయడం, తడి రోడ్డు మీద బ్రేకు ఎంత ముందుగా తొక్కాలో తెలుసుకోవడం, రాత్రివేళ ఎదుటి దీపాల వెలుగులో రోడ్డు అంచును పోల్చుకోవడం అన్నీ తామే చేసుకోవాలి. వీటిలో పొరపాట్లు జరగక మానవు. అందువల్ల తొలి కారు విషయంలో "మా వాడు జాగ్రత్తగానే నడుపుతాడు" అన్న నమ్మకాన్ని పక్కన పెట్టి, పొరపాటు జరిగితే ఈ కారు ఎంతవరకు కాపాడుతుంది, ఆ పొరపాటు తెచ్చిపెట్టే ఖర్చును చేతిలోని డబ్బు తట్టుకుంటుందా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టాలి. సాధారణంగా జరిగేది ఇందుకు తలకిందులుగా ఉంటుంది. ముందు మోడలూ రంగూ మనసులో పడతాయి, తరువాత వాటికోసం డబ్బును సాగదీస్తారు, చివరికి టైర్లకూ బీమాకూ కావలసిన డబ్బు మాత్రం మిగలదు.

ధర కాదు, మొదటి ఏడాది ఖర్చు

కారు ధరను బడ్జెట్ అనుకోవడమే మొదటి తప్పు. రిజిస్ట్రేషను, పన్నులు, బీమా, ఇంధనం, సర్వీసింగ్, పార్కింగ్, ఏడాదిలో ఎప్పుడో ఒకసారి తప్పనిసరిగా వచ్చే మరమ్మతు, అప్పు తీసుకుంటే దాని వాయిదాలు, వీటన్నింటినీ కలిపి మొదటి 12 నెలలకు ఎంత అవుతుందో కాగితం మీద రాసుకున్న తరువాతే ధర గురించి ఆలోచించాలి. పాత కారు కొంటున్నట్లయితే, కొనుగోలుకు కేటాయించిన మొత్తంలో కనీసం పదో వంతును ముట్టుకోకుండా పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అమ్మేవారు వాయిదా వేస్తూ వచ్చిన పనులన్నీ కొన్నవారి మొదటి నెలల్లోనే బయటపడతాయి.

మోడలు ఖాయం చేసుకోకముందే బీమా ఎంత అవుతుందో అడిగి తెలుసుకోవాలి. చిన్న వయసు, తక్కువ అనుభవం ఉన్న డ్రైవర్లకు చాలాచోట్ల ప్రీమియం ఎక్కువగా ఉంటుంది, ఇంజిన్ శక్తినీ విడిభాగాల ధరనూ ఆ మోడలు ఎంత తరచుగా దొంగతనానికి గురవుతుందన్న లెక్కనూ బట్టి అది ఇంకా మారుతుంది. ధరలో సమానంగా కనిపించే రెండు కార్లకు బీమా దగ్గర పెద్ద తేడా రావచ్చు. ప్రీమియం తగ్గించుకోవడానికి కొందరు కారును ప్రధానంగా నడిపేది తల్లి అనో తండ్రి అనో రాయించి, రోజూ పిల్లల చేతికి తాళం ఇస్తారు. ఇది తెలివైన పొదుపు కాదు. ప్రమాదం జరిగినప్పుడు అసలు విషయం తేలితే క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంటుంది, అప్పుడు ఎదుటివారి నష్టం కూడా ఇంటి మీదే పడవచ్చు. అలాగే క్లెయిములో మన వాటాగా భరించాల్సిన మొత్తాన్ని పెంచితే ప్రీమియం తగ్గుతుంది కానీ, ఆ మొత్తం అవసరమైన రోజున చేతిలో లేకపోతే ఆ తగ్గింపుకు అర్థం లేదు.

అప్పు తీసుకునేవారిని అమ్మేవారు తరచుగా అడిగే మొదటి ప్రశ్న "నెలకు ఎంత కట్టగలరు?" అన్నది. దానికి జవాబు చెప్పకపోవడమే మేలు. నెల వాయిదా చిన్నదిగా కనిపించాలంటే గడువు పెంచితే చాలు, కానీ ఆ గడువు ఎంత ఖరీదైనదో లెక్క వేసి చూడాలి. ఏడాదికి 10 శాతం వడ్డీతో, తగ్గుతున్న అసలు మీదే వడ్డీ వేసే పద్ధతిలో 100 అప్పు తీసుకున్నామనుకుందాం. దాన్ని 3 ఏళ్లలో తీరిస్తే మొత్తం సుమారు 116 కడతాము, 5 ఏళ్లయితే 127కు పైగా, 7 ఏళ్లయితే 139కి పైగా కడతాము. నెల వాయిదా మాత్రం 3.2 నుంచి 1.7కు దిగుతుంది కాబట్టి ఏడేళ్ల అప్పు తేలికగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంతకంటే మోసపుచ్చేది ఫ్లాట్ వడ్డీ. అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే చివరిదాకా వడ్డీ లెక్కకట్టే ఈ పద్ధతిలో 5 ఏళ్లకు 10 శాతం అంటే 100కి 150 కట్టడమే, తగ్గుతున్న అసలు లెక్కలో చూస్తే అది 17 శాతం పైచిలుకు వడ్డీతో సమానం. కాబట్టి వడ్డీ శాతంతో పాటు అది ఏ పద్ధతిలో వేస్తారు, చివరి వాయిదా వరకు చేతి నుంచి వెళ్లే మొత్తం ఎంత, అప్పును గడువుకు ముందుగా తీర్చేస్తే జరిమానా ఉందా అన్న మూడు విషయాలనూ రాతలో తీసుకోవాలి.

గడువు పెరిగిన అప్పుకు ఇంకొక చిక్కు ఉంది. కొత్త కారు విలువ మొదటి ఏళ్లలోనే వేగంగా పడిపోతుంది, అప్పు అసలు మాత్రం ఆ ఏళ్లలో నెమ్మదిగా తగ్గుతుంది. మధ్యలో కారు పూర్తిగా దెబ్బతిన్నా, ఉద్యోగం పోయి అమ్మవలసి వచ్చినా, చేతికొచ్చే డబ్బు మిగిలిన అప్పుకు చాలకపోవచ్చు, అంటే కారు లేకుండానే కారు వాయిదాలు కట్టే పరిస్థితి వస్తుంది. ఆ అప్పుకు హామీ సంతకం పెట్టిన తల్లిదండ్రులు ఆ బాధ్యత తమదే అని తెలిసే పెట్టాలి. నిర్ణయానికి ముందు ఒక పరీక్ష చేయవచ్చు. వాయిదా, బీమా, ఇంధనం కలిపి నెలకు ఎంత అవుతుందని అంచనా వేశారో అంత మొత్తాన్ని మూడు నెలల పాటు వేరే ఖాతాలో వేసి చూడండి. ఏ నెలలోనైనా ఆ ఖాతాలోకి చేయి పెట్టవలసి వస్తే, ఎంచుకున్న కారు ఇంకా అందుబాటులో లేదని అర్థం. ఎలా తేలినా, ఖాతాలో మిగిలిన డబ్బు డౌన్ పేమెంటుకు ఎలాగూ పనికొస్తుంది.

కాపాడే కారు ఎలా ఉండాలి

కొత్త డ్రైవరు కారులో తప్పనిసరిగా ఉండాల్సిన పరికరం ఒక్కటే చెప్పమంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అంటాను. స్టీరింగ్ తిప్పిన దిశకూ కారు నిజంగా వెళుతున్న దిశకూ తేడా వచ్చిందని గుర్తించగానే ఇది అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, ఇంజిన్ శక్తిని తగ్గించి, కారు జారి అడ్డం తిరగకుండా చూస్తుంది. మలుపులోకి వేగంగా వెళ్లడం, ఉలిక్కిపడి స్టీరింగ్ ఒక్కసారిగా కోయడం వంటి కొత్తవారి తప్పులకు ఇదే సరైన అండ. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి అన్ని కొత్త కార్లకూ దీన్ని తప్పనిసరి చేశారు. అయితే ఒకే మోడలును వేర్వేరు దేశాల్లో వేర్వేరు పరికరాలతో అమ్ముతుంటారు, తక్కువ ధర రకాల్లో దీన్ని తీసేసి అమ్మినవీ ఉన్నాయి. కంపెనీని బట్టి ఈఎస్‌సీ, ఈఎస్‌పీ, వీఎస్‌సీ, డీఎస్‌సీ అని పేర్లు మారతాయి కనుక మోడలు పేరు విని నమ్మకుండా, కొనబోయే ఆ ఒక్క కారులోనే అది ఉందో లేదో చూడాలి. ఇంజిన్ ఆన్ చేసే ముందు తాళం తిప్పితే డాష్ బోర్డు మీద దాని దీపం వెలిగి ఆరిపోవాలి.

ఎయిర్ బ్యాగు దీపానికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు, అసలు వెలగనే వెలగకపోతే ఆ లోపాన్ని ఎవరో దాచిపెట్టారేమోనని అనుమానించాలి. పాత కార్లలో ఎయిర్ బ్యాగుల విషయంలో మరో జాగ్రత్త కూడా కావాలి. తకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఇన్‌ఫ్లేటర్లు, అంటే ఎయిర్ బ్యాగును ఉబ్బించే పరికరాలు, వేడికీ తేమకూ ఏళ్ల తరబడి గురై, తెరుచుకునే సమయంలో పగిలి లోహపు ముక్కలను లోపలివారి మీదికి చిమ్మిన కారణంగా అనేక కంపెనీలు ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచాయి. పిలుపు వచ్చినా వెళ్లని యజమానులు ఉంటారు. చాసిస్ నంబరు చెప్పి, ఆ కారుకు చేయాల్సిన ఉచిత మార్పు ఏదైనా మిగిలి ఉందా అని ఆ కంపెనీ దగ్గరే అడిగి తెలుసుకోవచ్చు.

ఢీకొట్టే పరీక్షల్లో కార్లకు ఇచ్చే స్టార్ రేటింగులను ఏడాది చూడకుండా పోల్చకూడదు. యూరప్‌లో ఇలా కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ తొలి ఫలితాలు 1997లో వచ్చాయి, అప్పటి నుంచి పరీక్షలు పలుమార్లు కఠినమయ్యాయి. పదిహేనేళ్ల కిందటి ఐదు స్టార్లూ ఇటీవలి ఐదు స్టార్లూ ఒకటి కావు. రేటింగును దాదాపు సమానమైన బరువున్న కార్ల మధ్యే పోల్చాలి, ఎందుకంటే బరువైన వాహనంతో ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు తేలికైన దానికే ఎక్కువ దెబ్బ తగులుతుంది. అలాగని భారీ వాహనం కొత్తవారికి సరిపోదు. అది ఆగడానికి సమయం తీసుకుంటుంది, చుట్టుపక్కల కనపడని చోట్లు ఎక్కువ, ఎత్తైనదైతే బోల్తా పడే అవకాశమూ ఉంటుంది. మధ్యస్థ పరిమాణం, మితమైన ఇంజిన్ శక్తి ఉన్న కారు మేలు. వేగం రెండింతలైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలవుతుందన్న సంగతి గుర్తుంటే, కుర్రవాళ్లు ముచ్చటపడే ఇంజిన్ శక్తి గురించి ఇంట్లో వాదన త్వరగా తెగుతుంది.

ఇక్కడే చాలా ఇళ్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇంట్లో అనుభవం లేని మనిషికి ఇంట్లోని అతి పాత కారు ఇస్తారు, గీతలు పడినా పర్వాలేదన్నది వాదన. గీతల లెక్కలో అది నిజమే. ప్రమాదం లెక్కలో మాత్రం ఎయిర్ బ్యాగులూ స్టెబిలిటీ కంట్రోలూ ఉన్న కారు కొత్తవారికి ఇచ్చి, పాతదాన్ని పెద్దలు నడపడమే సరైనది. కొత్త కారు కొనే స్థోమత లేకపోతే కొన్నిసార్లు ఈ మార్పిడే అసలు పరిష్కారం.

పాత కారు చూడటానికి వెళ్లినప్పుడు

పగటి వెలుగులో, వాన లేనప్పుడు, ఇంజిన్ చల్లగా ఉండగా చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి, వెచ్చగా ఉంటే చల్లని ఇంజిన్ స్టార్టు కావడంలో ఇబ్బంది ఉందేమోనని అడగాలి. ఆగకుండా వచ్చే నీలిరంగు పొగ ఇంజిన్ ఆయిల్ మండుతోందనడానికి, వేడెక్కాక కూడా తగ్గని దట్టమైన తెల్లపొగ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఇంజిన్ లోపలికి చేరుతోందనడానికి సూచన. ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటి పొర కనిపిస్తే ఆయిల్‌లో నీరు కలుస్తోందేమో మెకానిక్ చేత తేల్చుకోవాలి.

మీటరు రీడింగు తక్కువగా ఉండి, బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ, డ్రైవరు సీటు అంచు కుంగి ఉంటే ఆ రీడింగును నమ్మనక్కరలేదు. పాత సర్వీసు బిల్లుల్లోని తేదీలూ రీడింగులూ వరుసగా పెరుగుతున్నాయా చూడాలి. టైరు పక్కభాగం మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. చాలా దేశాల్లో టైరు గాడికి చట్టం అనుమతించే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, కానీ తడి రోడ్డు మీద అంతకన్నా ముందే పట్టు తగ్గుతుంది. టైరు ఒక అంచునే అరిగి ఉంటే చక్రాల అమరికలో గానీ సస్పెన్షన్‌లో గానీ లోపం ఉండవచ్చు. నాలుగూ మార్చాల్సినవే అయితే ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి.

వరదలో మునిగిన కారు పైకి శుభ్రంగా మెరిసిపోతుంటుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత కనిపించవచ్చు. సీట్ల కింది పట్టాల తుప్పు, కార్పెట్ అడుగున ఇసుక, దీపాల లోపల ఆవిరి, కిటికీలన్నీ మూసినప్పుడు వచ్చే ముక్కవాసన కూడా ఆ కథే చెబుతాయి. అలాంటి కారు ఎంత తక్కువకు వచ్చినా వదిలేయాలి, ఎందుకంటే వైర్లలో మొదలైన తుప్పు ఎప్పుడు ఏ పరికరాన్ని ఆపేస్తుందో చెప్పలేము.

వాల్వులను పిస్టన్ల కదలికతో సరిగ్గా కలిపి నడిపే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే, కంపెనీ చెప్పిన గడువుకు దాన్ని మార్చిన బిల్లు చూపించమనాలి. చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పాడవుతుంది. ఎలక్ట్రిక్ కారు అయితే పెద్ద బ్యాటరీలో ఇంకా ఎంత సామర్థ్యం మిగిలిందన్న రిపోర్టు అడగాలి, దాని వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందా అన్నదీ తెలుసుకోవాలి. చాసిస్ నంబరు పత్రాల మీదా కారు మీదా ఒకటిగా ఉండాలి, పాత అప్పు తీరినట్టు పత్రం ఉండాలి. ఇవన్నీ చూసిన తరువాత కూడా, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు డబ్బిచ్చి చూపించడం అనవసరమైన ఖర్చు కాదు. ఆ పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోయినా, "సాయంత్రానికి ఇంకొకరు వస్తున్నారు" అని తొందరపెట్టినా తిరిగి వచ్చేయండి.

తాళం చేతికొచ్చాక

బీమా అమల్లోకి వచ్చిన తరువాతే కారును రోడ్డెక్కించాలి. ఇంటికి తెచ్చుకోవడానికే కదా అన్న మాట చెల్లదు. గత సర్వీసు బిల్లు లేకపోతే ఇంజిన్ ఆయిలూ ఫిల్టర్లూ బ్రేకు ఆయిలూ వెంటనే మార్పించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు చేరిన ఆయిల్ గట్టిగా బ్రేకులు వాడినప్పుడు మరిగితే పెడల్ మెత్తబడి పట్టు పోతుంది. మొదటి కొన్ని నెలలు రాత్రి ప్రయాణాలనూ, స్నేహితులందరినీ ఎక్కించుకుని తిరగడాన్నీ ఇంట్లో ముందే మాట్లాడుకుని పరిమితం చేయాలి, ఈ రెండూ కొత్తవారికి ముప్పును బాగా పెంచుతాయి. ఆ మాటలతో పాటే డబ్బు మాట కూడా కాగితం మీద పెట్టుకోవాలి: ఇంధనం ఎవరిది, బీమా ఎవరిది, చలానా వస్తే ఎవరు కట్టాలి, క్లెయిము చేయాల్సి వస్తే మన వాటా ఎవరి జేబులోంచి రావాలి, వచ్చే ఏడాది ప్రీమియం పెరిగితే ఆ తేడా ఎవరు భరించాలి.