స్టెరాయిడ్ క్రీము: ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి, ఎప్పుడు ఆపాలి

చర్మం మీది దురద, మంట తగ్గించడానికి స్టెరాయిడ్ క్రీము ఇచ్చినప్పుడు మందు చీటీలో చాలాసార్లు ‘పలచగా రాయండి’ అని మాత్రమే ఉంటుంది. ఒకరికి పలచగా అంటే కంటికి ఆననంత, ఇంకొకరికి తెల్లగా పూత పూసినంత. మొదటివారికి జబ్బు తగ్గదు. రెండోవారికి కొన్నాళ్లకు చర్మమే పలచబడుతుంది. అందుకే మందు తీసుకునేటప్పుడే డాక్టరును మూడు విషయాలు అడిగి చీటీ మీదే రాయించుకోండి: ఎంత, ఎక్కడ, ఎన్ని రోజులు.

ముందు ట్యూబు మీది పేరు చదవండి

శాతం అంకెను చూసి మందు బలాన్ని అంచనా వేయకండి. హైడ్రోకార్టిసోన్ 1 శాతం తేలికపాటి మందు. క్లోబెటాసోల్ ప్రొపియొనేట్ 0.05 శాతం అతి తీవ్రమైన మందు, దానికంటే వందల రెట్లు బలమైనది. అంకె చిన్నది కదా అని దీన్ని ముఖానికి రాసుకుని దెబ్బతిన్నవాళ్లు చాలామంది. ఈ రెండింటి మధ్యలో క్లోబెటాసోన్ బ్యుటిరేట్ 0.05 శాతం మధ్యస్థం, మొమెటాసోన్ 0.1 శాతం, బీటామెథాసోన్ వాలరేట్ 0.1 శాతం తీవ్రం. క్లోబెటాసోన్, క్లోబెటాసోల్ పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారుగా. చివరి అక్షరం మారితే బలం రెండు మెట్లు ఎక్కుతుంది. ఫోన్‌లో పేరు చెప్పి మందు తెప్పించుకునేటప్పుడు ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

ఒకే మందు ఆయింట్‌మెంట్‌గానూ, క్రీముగానూ, లోషన్‌గానూ దొరుకుతుంది. పొడిబారి, మందంగా, పగుళ్లు తేలిన చోట జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్ బాగా పనిచేస్తుంది. రసి కారే చోటా, చర్మం మడతల్లోనూ క్రీము నయం. తలకు లోషన్.

కొలత మీ వేలి మీదే ఉంది

పెద్దవారి చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి ఒక వరుస పిండండి. ట్యూబు మూతి 5 మిల్లీమీటర్లు ఉంటే అది సుమారు అర గ్రాము. దీన్నే ఫింగర్‌టిప్ యూనిట్ అంటారు. వేళ్లు కలిపి ఉంచిన రెండు అరచేతులంత చర్మానికి ఇది సరిపోతుంది. మచ్చ మీద అరచేయి ఆనించి చూస్తే ఎంత కావాలో తెలిసిపోతుంది.

పెద్దవారికి ఒక పూట లెక్క ఇది: ఒక చేతికి భుజం నుంచి మణికట్టు దాకా 3 యూనిట్లు, హస్తానికి 1, ఒక కాలికి 6, పాదానికి 2, ఛాతీ, పొట్ట కలిపి 7, పిరుదులతో సహా వీపుకు 7, ముఖం, మెడ కలిపి రెండున్నర. జబ్బు ఆ భాగమంతా పరుచుకుంటేనే ఇంత. పిల్లలకు కూడా పెద్దవారి వేలితోనే కొలవాలి, యూనిట్లు మాత్రం తగ్గుతాయి. 3 నుంచి 6 నెలల బిడ్డకు హస్తంతో సహా ఒక చేతికి 1, పాదంతో సహా ఒక కాలికి ఒకటిన్నర. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు అవే 2, 3.

ఈ లెక్క తెలిస్తే ట్యూబే మీకు సాక్షి. 30 గ్రాముల ట్యూబులో 60 యూనిట్లుంటాయి. రెండు అరచేతులంత మచ్చకు రోజుకు ఒక్కసారి రాస్తే రెండు నెలలు రావాలి. రెండు వారాలకే అయిపోయిందంటే ఎక్కువైనా రాస్తున్నారు, జబ్బులేని చోటైనా రాస్తున్నారు. అదే రెండు కాళ్లనిండా ఎగ్జిమా (దురదతో, పొడిబారి గరుకెక్కే చర్మవ్యాధి) ఉండి, రోజూ రాస్తున్నా 15 గ్రాముల ట్యూబు నెలంతా వచ్చిందంటే మందు చాలట్లేదు. స్టెరాయిడ్ అంటే భయపడి చాలీచాలనంత రాస్తే జబ్బు సగంలో ఆగి మళ్లీ లేస్తుంది. చివరికి మొత్తం మీద ఎక్కువ రోజులు రాయాల్సి వస్తుంది.

రాసే పద్ధతి

చేతులు కడుక్కోండి. మచ్చను గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్దండి. కొలిచిన మందును అక్కడక్కడా చుక్కలుగా పెట్టి, వెంట్రుకలు వాలిన వైపుగా నెమ్మదిగా పరచండి. పొలుసు, దురద, గరుకుదనం ఉన్న చోటే రాయాలి. పక్కనున్న మంచి చర్మానికి ‘ముందు జాగ్రత్తగా’ రాయకూడదు. హస్తాలకే వైద్యం అయితే తప్ప, రాశాక చేతులు కడుక్కోండి. మందు వేళ్లతో కళ్లు నులుముకోవడం, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవడం ప్రమాదం.

మాయిశ్చరైజర్‌కూ దీనికీ మధ్య 15 నుంచి 30 నిమిషాల ఎడం ఉండాలి. ఏది ముందు అన్నదానికంటే ఈ ఎడమే ముఖ్యం. వెంటవెంటనే రాస్తే మందు పలచనై, అక్కర్లేని చోటికి పాకుతుంది. అలాగని రెండింటినీ ఒకే డబ్బాలో కలిపి పెట్టుకోవద్దు. (పారఫిన్ ఉన్న మాయిశ్చరైజర్ల జిడ్డు పట్టిన బట్టలు నిప్పుకు తొందరగా అంటుకుంటాయి. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. పొయ్యి, సిగరెట్ దగ్గర జాగ్రత్త.)

రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మూడోసారి రాస్తే ఫలితం పెరగదు, దుష్ఫలితాలే పెరుగుతాయి. డాక్టరు చెప్పకుండా పైన ప్లాస్టిక్ కవరు చుట్టడం, గట్టిగా కట్టు కట్టడం చేయకూడదు. గాలి ఆడకపోతే మందు ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి దిగుతుంది. డైపర్ కూడా అలాంటి మూతే. చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడతలూ అంతే: చర్మానికి చర్మమే మూత.

అన్ని చోట్లా చర్మం ఒకటి కాదు

హైడ్రోకార్టిసోన్‌తో కొలిచి చూస్తే, ముంజేయి 1 వంతు పీల్చుకునే చోట నుదురు 6 వంతులు, దవడ 13 వంతులు, వృషణాల తిత్తి ఏకంగా 42 వంతులు పీల్చుకుంటాయి. అరికాలు పీల్చుకునేది ముంజేయిలో ఏడో వంతే. కాబట్టి అరికాలికి ఇచ్చిన ట్యూబును ముఖానికీ గజ్జలకూ వాడటం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ చోట్లకు సాధారణంగా తేలికపాటి మందే, అదీ కొద్ది రోజులే ఇస్తారు. కనురెప్పల మీద చాలాకాలం రాస్తే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు.

ఏ జబ్బుకు రాయకూడదు

తామరకు (ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధికి) స్టెరాయిడ్ రాస్తే రెండు మూడు రోజుల్లో దురద ఆగి, ఎరుపు తగ్గుతుంది. మోసమంతా ఇక్కడే ఉంది. మందు మన శరీరపు ప్రతిఘటనను అణిచిందే తప్ప ఫంగస్‌ను చంపలేదు. అడ్డులేని ఫంగస్ పాకుతూ పోతుంది, గుండ్రటి అంచు చెరిగి, డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. ఆపగానే ముందుకంటే ఎక్కువగా లేస్తుంది. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములతోనూ ఇదే జరుగుతుంది. అంచున పొలుసులతో వలయంలా పెరుగుతున్న మచ్చ కనిపిస్తే, దాన్ని గీకి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష అయ్యాకే మందు.

మొటిమలకు, చీము పొక్కులకు, సర్పికి, ఆటలమ్మకు కూడా వద్దు. రంగు తేలడానికైతే అసలే వద్దు. ముఖం కొన్నాళ్లు నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది. తరవాత మొటిమలు, ఎర్రటి సన్న రక్తనాళాలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపితే మంట పుట్టి మళ్లీ అదే ట్యూబు అందుకోవాల్సి వస్తుంది.

ఎప్పుడు ఆపాలి

నల్లని, చామనఛాయ చర్మంలో ఎరుపు సరిగా కనపడదు, జబ్బు ఊదాగానో బూడిదరంగుగానో ఉంటుంది. అందుకే చేత్తో తడిమి చూడండి. దురద పోయి, గరుకు పోయి, పక్క చర్మంలా మెత్తబడితే జబ్బు అణిగినట్టే. మిగిలిన నలుపు మచ్చ నెలల మీద దానంతటదే పలచబడుతుంది, దానికోసం మందు కొనసాగించకండి. ఎగ్జిమా ఒక్కసారి లేస్తే మామూలుగా 7 నుంచి 14 రోజుల వైద్యం. క్లోబెటాసోల్‌ను వరసగా 2 వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడకూడదు. మళ్లీ మళ్లీ వచ్చే ఎగ్జిమాకు, తగ్గిన తరవాత కూడా వారంలో వరసగా 2 రోజులు పాత చోటే రాయమని డాక్టరు చెప్పవచ్చు. అది పొరపాటు కాదు, నిలకడ కోసం ఇచ్చే పద్ధతి.

నెలల తరబడి తీవ్రమైన మందు వాడినవారు ఒక్కసారిగా మానేయకండి. రోజు విడిచి రోజుకు మార్చడమో, తక్కువ బలం మందుకు దిగడమో డాక్టరు పర్యవేక్షణలో జరగాలి. ఆపిన కొద్ది రోజులకు, వారాలకు జబ్బున్న చోటును దాటి ఎరుపు, మంట పాకితే దాన్ని పాత ఎగ్జిమా అనుకుని మళ్లీ మందు మొదలుపెట్టకుండా డాక్టరుకు చూపించండి. ఒంటి నిండా చాలాకాలం రాసినవారిలో విపరీతమైన నీరసం, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆలస్యం చేయవద్దు. పిల్లల్లో ఎత్తు పెరుగుదల మందగించినా, ముఖం ఉబ్బినా అంతే.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. రొమ్ము మీద రాసినట్లయితే పాలిచ్చే ముందు కడిగేయాలి. వారం పది రోజులు సరైన కొలతలో రాసినా తగ్గకపోతే, మచ్చ వెచ్చగా ఉండి చీము పట్టినా, జ్వరం వచ్చినా, నొప్పితో కూడిన నీటి పొక్కులు గుంపుగా లేచినా మళ్లీ చూపించాల్సిందే. వెళ్లేటప్పుడు ఖాళీ ట్యూబులతో సహా ఇన్నాళ్లూ వాడినవన్నీ తీసుకెళ్లండి.