అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 7వ పాఠం: క్వార్టర్‌బ్యాక్ మీదికి నలుగురు దూసుకొస్తే

పోయిన పాఠంలో అఫెన్సివ్ లైన్‌లోని (క్వార్టర్‌బ్యాక్‌కి ముందు నిలబడి అడ్డుకునే వరస) అయిదుగురినీ పరిచయం చేసుకున్నాం. నడుమ సెంటర్, అతనికి చెరోపక్క గార్డ్‌లు, రెండు చివర్లలో టాకిల్‌లు. ఈసారి వాళ్ల వెనక బంతి పట్టుకుని నిలబడే మనిషి సంగతి. ఎదుటి జట్టు పాస్ రష్ (బంతి విసిరేలోపే మీదికి దూసుకురావడం) భీకరంగా ఉన్న రోజున క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఏముంటుంది, ఏముండదు అన్నది టీవీ ముందు కూర్చుని పసిగట్టడమే మన పని.

ఇందుకు రెండు ఆటల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ సూపర్ బౌల్‌లే, అంటే సీజన్ ఆఖరి ఫైనల్స్. రెండింట్లోనూ కాన్సస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్, ఎదురుగా ఫిలడెల్ఫియా ఈగల్స్. మొదటిది 2023 ఫిబ్రవరి 12న అరిజోనాలో జరిగింది. ఆ సీజన్ లీగ్ దశలో ఈగల్స్ 70 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) చేసి మరీ వచ్చారు. 1984లో షికాగో బేర్స్ నెలకొల్పిన రికార్డే 72. పైగా మహోమ్స్‌కి చీలమండ బెణికి ఉంది. అయినా ఆ రాత్రి అతన్ని ఒక్కసారి కూడా శాక్ చేయలేకపోయారు. చీఫ్స్ 38–35తో గెలిచారు. రెండోది 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో. అక్కడ ఆరు శాక్‌లు, ఈగల్స్ 40–22తో గెలుపు. ఆ 22 చూసి పోటాపోటీగా జరిగిందనుకోకండి, ఒక దశలో స్కోరు 34–0.

రెండు ఆటల్లోనూ అదే మహోమ్స్, అదే కోచ్ ఆండీ రీడ్. ఓడిన రోజున "తడబడ్డాడు" అనేస్తే పని అయిపోతుంది, వ్యాఖ్యాతలు చేసేదీ ఎక్కువగా అదే. తడబాటు నిజమే గాని, అది చివర్న కనిపించేది. అంతకుముందు ఏం జరిగిందో పట్టుకోవాలంటే ముందు లెక్కపెట్టడం రావాలి.

తలలు లెక్కపెట్టండి

స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించడం) అవగానే మన కళ్లు బంతి వెంట పోతాయి. ఆ అలవాటు మానండి. ఎదుటి జట్టు నుంచి ఎంతమంది బంతి పెట్టిన గీత దాటి మీదికొచ్చారో లెక్కపెట్టండి. డిఫెన్స్‌లో ఉండేది 11 మంది. నలుగురు వస్తే వెనక ఏడుగురు ఉంటారు. పాస్ అందుకోవడానికి పరుగెత్తగలిగేది మాత్రం ఎప్పుడూ అయిదుగురే. ఆరుగురు వచ్చారంటే వెనక కాపలాకి మిగిలేది అయిదుగురు. నలుగురికి మించి పంపితే దాన్ని బ్లిట్జ్ అంటారు.

బ్లిట్జ్ చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్‌కి మాత్రం చాలాసార్లు అదే మేలు. లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో రెండో వరస ఆటగాడు) ఎక్కడినుంచి లేచి వచ్చాడో ఆ చోటు ఖాళీ అయింది కదా. పాస్ అందుకునే రిసీవర్ అది గమనించి తన పరుగును సగంలోనే ఆపి వెనక్కి తిరుగుతాడు, బంతి ఆ ఖాళీలోకి వచ్చి పడుతుంది. ఇలా అప్పటికప్పుడు కుదించుకునే పరుగు పేరు హాట్ రూట్.

నలుగురితోనే ఊపిరి సలపనివ్వని జట్టు ఎదురైతే ఈ మందు పనిచేయదు. ఖాళీ అయిన చోటంటూ ఉండదు. న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది ఇదే. ఈగల్స్ డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో ఆట మొత్తంలో ఒక్క బ్లిట్జ్ కూడా పంపలేదు. ఏడుగురు వెనకే ఉన్నారు. ఎవరికి వేయాలా అని మహోమ్స్ ఇంకో అర సెకను ఆగేవాడు, ఆ అర సెకనులో జోష్ స్వెట్ వచ్చేసేవాడు. ఆ రోజు స్వెట్ ఒక్కడికే రెండున్నర శాక్‌లు. (సగం శాక్ ఏమిటంటారా? ఇద్దరు కలిసి పడగొడితే చెరిసగం రాస్తారు.) చీఫ్స్ లైన్‌లోనూ లోటుంది. లెఫ్ట్ టాకిల్ స్థానం సీజన్ పొడుగునా కుదరక, సహజంగా గార్డ్ అయిన జో థూనీని అక్కడ నిలబెట్టాల్సి వచ్చింది.

తలలు లెక్కపెట్టడం వచ్చాక అడుగులు చూడాలి. నా దృష్టిలో ఈ పాఠమంతటికీ ఆయువుపట్టు ఇదే.

అడుగు ముందుకా, వెనక్కా

గీత చివర నుంచి వచ్చే ఎడ్జ్ రషర్ తిన్నగా రాలేడు, టాకిల్ అడ్డముంటాడు. కాబట్టి అతని చుట్టూ విల్లులా వంపు తిరిగి రావాలి. ఆ వంపు ఎక్కడ ముగుస్తుంది? క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ నిలబడతాడని అతను అంచనా వేశాడో అక్కడ, అంటే గీతకి సుమారు ఏడెనిమిది గజాల వెనక. టాకిల్ అతన్ని నిలబెట్టి ఆపనక్కర్లేదు. పక్కనుంచి తోసుకుంటూ ఇంకాస్త వెనక్కి పంపేస్తే చాలు. సరిగ్గా ఆ క్షణాన క్వార్టర్‌బ్యాక్ ఒకటి రెండడుగులు ముందుకి వేస్తాడు. రషర్ అతని వీపు వెనకగా దాటిపోతాడు. ఇంత పెద్ద శరీరాల ఆటలో అంత చిన్న కదలికతో తప్పించుకోవడం నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటే. టామ్ బ్రేడీ పరుగు అందరికన్నా నెమ్మది, అయినా 45 ఏళ్ల దాకా ఆడాడంటే ఈ రెండడుగుల పుణ్యం అందులో చాలా ఉంది.

అదే క్వార్టర్‌బ్యాక్ వెనక్కి జరిగాడనుకోండి, రషర్ వంపు నేరుగా అతని దగ్గరే ముగుస్తుంది. తన పని తాను సరిగ్గా చేసిన టాకిల్ కూడా అప్పుడు ఓడిపోయినట్టే కనబడతాడు. 2021 ఫిబ్రవరిలో టాంపాలో జరిగిన సూపర్ బౌల్ చూడండి. చీఫ్స్‌కి రోజూ ఆడే టాకిల్‌లు ఇద్దరూ గాయాలతో బయటున్నారు. మహోమ్స్ వెనక్కీ పక్కకీ పరుగెత్తుతూనే ఉన్నాడు. బంతి వదలడానికో, పడిపోవడానికో ముందు ఆ రాత్రి అతను తిరిగిన దూరం మొత్తం 497 గజాలని ట్రాకింగ్ లెక్క తేల్చింది. చీఫ్స్‌కి ఒక్క టచ్‌డౌన్ రాలేదు, 31–9తో ఓడారు.

ముందుకి అడుగు వేయాలంటే ముందు చోటుండాలి కదా. సెంటర్‌నో గార్డ్‌నో వెనక్కి నెట్టుకుంటూ నడిమధ్య నుంచి వచ్చేవాడుంటే ఆ దారి మూసుకున్నట్టే. రామ్స్ జట్టు ఆరన్ డొనాల్డ్ అంటే లీగంతా వణికింది అందుకే. 2022 ఫిబ్రవరి సూపర్ బౌల్ చివర్లో సిన్సినాటికి కావలసింది ఒక్క గజం, ఉన్నది ఆఖరి అవకాశం. డొనాల్డ్ మధ్యలోంచి వచ్చి క్వార్టర్‌బ్యాక్ జో బరోని పట్టి తిప్పేశాడు. బరో ఎలాగో బంతి విసిరాడు గాని అది నేలపాలైంది. రామ్స్ 23–20.

2008 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేసిందీ ఇలాంటిదే. మామూలుగా చివర ఆడే జస్టిన్ టక్‌ని లోపలికి జరిపి గార్డ్‌ల మీదికి వదిలారు. అంతవరకూ ఓటమే ఎరగని న్యూ ఇంగ్లండ్ 17–14తో ఓడింది, బ్రేడీకి అయిదు శాక్‌లు. ఆ డిఫెన్స్‌ని నడిపిన స్టీవ్ స్పాగ్నోలో ఇప్పుడు చెప్పుకున్న న్యూ ఆర్లీన్స్ ఆటలో చీఫ్స్ డిఫెన్స్ కోచ్. తన పాత ఎత్తును తన జట్టు మీదే వేస్తుంటే పక్కనుంచి చూడాల్సొచ్చింది పాపం.

బంతి ఎక్కడుంది?

శాక్ అయితే పోయేది అయిదారు గజాలు. బంతి జారితే ఆటే పోవచ్చు. 2016 ఫిబ్రవరిలో డెన్వర్, కారొలైనా మధ్య జరిగిన 50వ సూపర్ బౌల్‌లో మొదటి క్వార్టర్ చూడండి. కారొలైనా తన 15 గజాల గీత దగ్గరుంది, మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా పది గజాలు కావాలి. డెన్వర్ రషర్ వాన్ మిల్లర్ రైట్ టాకిల్‌ని చుట్టి వచ్చాడు. అతను క్యామ్ న్యూటన్‌ని పడగొట్టడంతో సరిపెట్టుకోలేదు, గురి బంతి మీదే పెట్టాడు. చేతిలోంచి ఊడబెరికిన బంతి వెనక్కి దొర్లి మైదానం చివరనుండే ఎండ్‌జోన్‌లోకి పోయింది, మలిక్ జాక్సన్ దాని మీద పడ్డాడు. టచ్‌డౌన్. నాలుగో క్వార్టర్లో మిల్లర్ మళ్లీ అదే పని చేశాడు. డెన్వర్ 24–10.

అందుకే పాకెట్‌లో (లైన్ కాపు కాసే చోటులో) కదిలేటప్పుడు బంతి మీద రెండు చేతులూ ఉండాలి, ఛాతీ ఎత్తులో ఉండాలి. విసరడానికి చెయ్యి వెనక్కి తీసే క్షణం వరకూ రెండో చెయ్యి వదలకూడదు. రీప్లేలో ఆ ఎడమచేతిని చూడండి, ఎవరు బాగా నేర్చుకున్నారో తెలిసిపోతుంది.

బయట పారేయడం కూడా విద్యే. అయితే నియమం ఉంది. టాకిల్‌లు నిలబడ్డ హద్దు దాటి పక్కకి వచ్చాక, బంతి కనీసం స్నాప్ గీత దాకా చేరేలా విసిరితే తప్పులేదు. పాకెట్‌లో ఉండగానే, దగ్గర్లో రిసీవరే లేనిచోటికి ఒత్తిడి తప్పించుకోవడానికి విసిరితే ఇంటెన్షనల్ గ్రౌండింగ్ అనే తప్పు. అది సొంత ఎండ్‌జోన్‌లో జరిగితే ఎదుటివాళ్లకి రెండు పాయింట్లు. 2012 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో బ్రేడీ తన జట్టు ఆడిన మొట్టమొదటి స్నాప్‌లోనే ఇలా దొరికిపోయాడు. మీదికొచ్చింది మళ్లీ జస్టిన్ టక్కే.

ఇక 2023కి వద్దాం. ఆ రోజు చీఫ్స్ లైన్ బాగా ఆడింది. పచ్చిక జారుడుగా ఉండి రషర్లకి పట్టు దొరకలేదన్నదీ దాచకూడదు. అయితే పథకం కూడా ఉంది: బంతి త్వరగా వదలడం, పరుగు ఆట కలపడం, స్నాప్‌కి ముందే రిసీవర్ని అటూ ఇటూ కదిలించడం. నాలుగో క్వార్టర్లో రెండు టచ్‌డౌన్లు ఒకే ఎత్తుతో వచ్చాయి. గోల్ గీత దగ్గర రిసీవర్ లోపలి వైపు కదులుతున్నట్టు నటించి, చటుక్కున బయటికి తిరిగాడు. కాపలావాళ్లు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో తేల్చుకునేలోపే కడారియస్ టోనీ ఒకసారి, స్కై మూర్ ఒకసారి ఒంటరిగా నిలబడి బంతి అందుకున్నారు. 70 శాక్‌ల జట్టుకి ఆ రెండుసార్లూ రష్ చేసే వ్యవధే దొరకలేదు.

లైన్‌కి ఆసరాగా టైట్ ఎండ్‌ని (లైన్ చివర నిలబడే రిసీవర్ని) నిలపడం, రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) వెళుతూ వెళుతూ ఎడ్జ్ రషర్ని భుజంతో ఒకటి తగిలించిపోవడం, రష్‌ని రానిచ్చి తలల మీదుగా స్క్రీన్ పాస్ వేయడం కూడా ఉన్నాయి. స్క్రీన్ గురించి విడిగా ఒక పాఠమే అవసరం గనక ఇక్కడ ఆపుతాను.

సాధన: ఏదైనా ఒక ఆట రికార్డింగ్‌లో ఒక క్వార్టర్ తీసుకోండి. ప్రతి పాస్‌కీ మూడే గుర్తులు రాయండి: ఎంతమంది వచ్చారు, క్వార్టర్‌బ్యాక్ మొదటి అడుగు ముందుకా వెనక్కా, ఒత్తిడి చివర నుంచా మధ్య నుంచా. పాస్ అందిందో లేదో రాయకండి, అది రాస్తే కళ్లు మళ్లీ బంతి వెంటే పోతాయి. అమెరికాలో ఉంటూ పిల్లల్ని ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కి (పడగొట్టే బదులు నడుముకున్న జెండా లాగే ఆట) తీసుకెళ్లేవాళ్లు అక్కడా ఇది చేయొచ్చు. అక్కడ రషర్ ఏడు గజాల దూరం నుంచి మొదలెడతాడు కాబట్టి పిల్లవాడి మొదటి అడుగు ఇంకా తేటగా కనిపిస్తుంది.

8వ పాఠంలో స్క్రీన్ పాస్, డ్రా. ఈ వారం రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి, "మధ్య నుంచి" అని గుర్తుపెట్టిన పాస్‌లతోనే మొదలుపెడతాం.