ఆఫీసుకు తిరిగి వెళ్లే ముందు: అమెరికా ఫెడరల్ ఉద్యోగులకు జాగ్రత్తలు

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఆదేశంతో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగుల్లో చాలామందికి వర్క్ ఫ్రమ్ హోమ్‌కు తెరపడింది. మీ వంతు వస్తే టెన్షన్ పడకుండా ముందు ఇవి చూసుకోండి.

• ఏ తేదీ నుంచి, ఏ ఆఫీసుకు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో విన్న మాట నమ్మి ఇల్లు మారొద్దు.

• అన్నిటికన్నా ముఖ్యమైనది ఎస్ఎఫ్-50 ఫారం, అంటే మీ ఉద్యోగ వివరాలు, మార్పులు నమోదయ్యే అధికారిక పత్రం. అందులో డ్యూటీ స్టేషన్ (పనిచేసే చోటు) అన్నచోట మీ ఇల్లున్న ఊరు రాసి ఉందా, ఆఫీసున్న ఊరా? లొకాలిటీ పే, అంటే ప్రాంతాన్నిబట్టి జీతంలో కలిపే అదనపు మొత్తం, దాన్నిబట్టే వస్తుంది. ఊరు మారితే జీతం పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. పాత కాపీ, కొత్త కాపీ రెండూ సొంతంగా దాచుకోండి.

• వైకల్యం గానీ, రోజువారీ పనులకు అడ్డొచ్చే దీర్ఘకాలిక జబ్బు గానీ ఉంటే, 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం కింద రీజనబుల్ అకామడేషన్ (మీ ఇబ్బందికి తగ్గట్టు పనిలో సర్దుబాటు) అడిగే హక్కు మీకుంది. దయచేసి మొహమాటపడొద్దు. మీ జబ్బు వల్ల ఏ పని, ఎందుకు కష్టమవుతోందో డాక్టరు చేత స్పష్టంగా రాయించి, గడువుకు ముందే ఇవ్వండి.

• యూనియన్ ఉంటే, మీ సంస్థతో అది చేసుకున్న ఒప్పందంలో వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి ఏముందో చదవండి.

• పిల్లల్ని చూసుకునేవాళ్లను ఇప్పుడే మాట్లాడుకోండి.

• కోపంలో రాజీనామా రాసేయకండి. పెన్షన్, ఆరోగ్య బీమా ఏమవుతాయో హెచ్‌ఆర్‌ని అడిగాకే నిర్ణయం.