పాత పటాన్ని తీరిగ్గా చూడటం ఎలా

అమ్మమ్మ ఇంట్లో గోడకి ముందుకు వాలేలా కట్టిన రవివర్మ పటం చాలామందికి గుర్తుండే ఉంటుంది, కానీ అందులో ఏముందో చెప్పమంటే తడుముకుంటాం. ఈసారి ఊరెళ్లినప్పుడు దాన్ని దించి, కిటికీ పక్కన పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. ఫోన్ లైటు ఎదురుగా వేస్తే అద్దం మెరుపు తప్ప ఏమీ కనిపించదు, పక్క నుంచి వేయండి. తడిగుడ్డ అస్సలు వద్దు, అంచుల్లోంచి లోపలికి చెమ్మ దిగితే కాగితం పాడైపోతుంది.

రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో ఈ బొమ్మల్ని రాళ్లతో అచ్చువేసేవారు, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. భూతద్దం పెడితే బుగ్గ మీది ఎరుపు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది, అది చూడటం నాకు ఇప్పటికీ భలే ఇష్టం.

ఉదాహరణకి 1899 నాటి హంస-దమయంతి బొమ్మ. ముఖం ఎలాగూ చూస్తారు కాబట్టి దాన్ని చివరికి ఉంచండి. ముందు ఎర్రచీర, దాని జరీ అంచు ఎక్కడ వెలుగు పట్టింది, ఎక్కడ మడతలోకి పోయి మసకబారింది, అక్కణ్ణించి హంస, ఆ తర్వాత ముఖం. నలుడు బొమ్మలో ఎక్కడా లేడు, అయినా ఆమె వింటున్న తీరు చూస్తే ఎవరి గురించి వింటోందో తెలిసిపోతుంది.

చేత్తో వేసిన రంగులే చూడాలనుంటే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లండి. 1897లో పుట్టి 1925కే వెళ్లిపోయిన మనిషి, ఆ కాస్త కాలంలో అంత పని!

చూశాక ఒక్క వాక్యం రాయండి. ‘సూపర్’, ‘అద్భుతం’ లాంటివి ఏ బొమ్మకైనా సరిపోతాయి, అందుకే వద్దు. బొమ్మలోని నగ వంకీ అయితే వంకీ అనే రాయండి, కాసులపేరైతే కాసులపేరు. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

ఇంటి ఫొటోలకీ ఇదే పద్ధతి. అమ్మమ్మ, తాతయ్యల స్టూడియో ఫొటోకి నేను మొదట ‘ఎంత అందంగా ఉన్నారో’ అని రాశాను. నెల తర్వాత మళ్లీ చూసి, ‘తాతయ్య కూర్చున్నాడు, వెనక తెర మీద గీసిన స్తంభాలు, అమ్మమ్మ చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుంది’ అని విడి కాగితం మీద పెన్సిల్‌తో రాశాను. అది చదివి అమ్మ, “ఆ రోజు ఆవిడకి జ్వరమే, నిలబడలేక పట్టుకుందట” అంది. ఆ మాట కూడా కింద చేర్చి, తారీఖు వేసి, ఫొటోతో పాటే దాచాను.