రిలీవర్ రోజూ లేటుగా వస్తుంటే ఏం చేయాలి?

మధ్యాహ్నం 2 గంటలకు రావాల్సిన రిలీవర్, అంటే మన తర్వాతి షిఫ్టుకు డ్యూటీ అందుకునే మనిషి, 2.15కి వస్తే రిజిస్టర్లో అది పావుగంటే. పొద్దున్నుంచి నిలబడి పనిచేసిన మనిషికి మాత్రం ఆ పావుగంటతో ఊరి బస్సు పోతుంది. కూడేరు, నార్పల, శింగనమల వైపు పల్లెలకు పోయేవాళ్లయితే తర్వాతి బస్సు కోసం అనంతపురం బస్టాండులో పడిగాపులు కాయాలి. ఆస్పత్రి వార్డులు, పెట్రోలు బంకులు, బట్టల షాపులు, తాడిపత్రి నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలు, ఎక్కడ చూసినా లేటుగా వచ్చేవాళ్ల బరువు వేళకు వచ్చేవాళ్ల మీదే పడుతుంది. నోరు మూసుకుని ఊరుకుంటే అదే అలవాటుగా సాగుతుంది. కోపంలో అడిగితే గొడవవుతుంది, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే మనిషి గుణం జోలికి పోకుండా, పోయిన నిమిషాల గురించీ ఆగిన పని గురించీ మాట్లాడాలి. దానికి ముందు రెండు వారాల తయారీ కావాలి.

ముందు రాసి పెట్టుకోండి

చిన్న నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: తేదీ, రావాల్సిన టైము, వచ్చిన టైము, ఆ మధ్యలో ఆగిన పని. పన్నెండు డ్యూటీలు రాస్తే చాలు. నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. "20 నిమిషాలు లేటు" అంటే ఎవరైనా "అంతేనా" అంటారు. "మూడో బెడ్‌కు 2 గంటలకు పడాల్సిన ఇంజెక్షన్ 2.25కి పడింది", "పెట్రోలు పంపు రీడింగ్ అప్పజెప్పలేక రెండో నాజిల్ ఆపాం, బండ్లు వెనక్కి పోయాయి", "బండను మిషన్ మీదికి ఎక్కించేందుకు రెండో మనిషి లేక మిషన్ ఊరికే ఉంది" అని రాస్తే అలా అనలేరు. ఆస్పత్రిలో అయితే రోగి పేరు రాయొద్దు, బెడ్ నంబరు చాలు.

మీరు లేటైన రోజులు కూడా అదే బుక్కులో రాయండి. ఇది చాలామంది వదిలేస్తారు. తర్వాత "నువ్వు మాత్రం మొన్న రాలేదా?" అన్న ఒక్క మాటతో లెక్కంతా చెల్లకుండా పోతుంది. రాసేది టైములే, "బద్ధకం", "లెక్కలేదు" లాంటి మాటలు రాయకండి. ఆ బుక్కు ఏదో ఒకరోజు ఇన్‌ఛార్జి చేతికి పోతుంది.

టైముల్లోనే కారణం కనబడుతుంది

పన్నెండు రోజుల లెక్క ముందు పెట్టుకుని చూస్తే, మనిషిని అడగకముందే సగం తెలుస్తుంది.

రోజూ ఇంచుమించు అదే పది పదిహేను నిమిషాలు లేటైతే అది బస్సు సంగతి, లేదా పిల్లల బడి సంగతి. ఒక బస్సుకే అలవాటు పడ్డ మనిషి ఆ బస్సు ఎప్పుడొస్తే అప్పుడే వస్తాడు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కాబట్టి, ఆటో ఖర్చు భరించలేక బస్సుకే నిలబడేవాళ్లు ఉంటారు. నిండిపోయిన బస్సు ఆపకుండా పోతే ఆరోజు లేటే. వీళ్లకు మందలింపు పనిచేయదు. ముందు బస్సుకు రావాలి, లేదంటే డ్యూటీ టైమే అరగంట జరపాలి.

సోమవారాలు, పండగ మరుసటి రోజులు మాత్రమే లేటైతే ఊరికి పోయి పొద్దున్నే బయల్దేరుతున్నారని అర్థం. రోజు విడిచి రోజు లేటైతే కుళాయి నీళ్లు వదిలే రోజులతో పోల్చి చూడండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక లేట్లు పెరిగాయంటే, మధ్యాహ్నం ఇంటికొచ్చే పిల్లలకు అన్నం పెట్టి, ఎవరికైనా అప్పజెప్పి బయల్దేరాల్సిన అమ్మలు ఉంటారు. రంజాన్ నెలలో సాయంత్రం డ్యూటీ చేసేవాళ్లు ఇఫ్తార్ వేళకు కాసేపు పోవాలి. నెల మొదలవకముందే ఎవరు నిలబడాలో అనుకుంటే ఆ నెలంతా మాట రాదు.

మన జిల్లాలో ఇంకొకటి ఉంది. ముంగారు వాన పడి నేల పదునైందంటే సొంత పొలం ఉన్నవాళ్లు శెనక్కాయ విత్తనం పడేదాకా నిలవలేరు. పదును రెండు మూడు రోజులే ఉంటుంది, ఆరిపోతే మళ్లీ వాన రావాలి. ఆ రోజుల్లో వేళకు రమ్మని పట్టుబట్టడం కన్నా జూన్ మొదట్లోనే "వాన పడితే రెండురోజులు సెలవు పెట్టు, నీ డ్యూటీకి ఫలానా వాళ్లు వస్తారు" అని తేల్చుకోవడం మేలు. లేటుగా వచ్చే మనిషి కన్నా రాడని ముందే తెలిసిన మనిషితో పని సులువు.

రోస్టర్ (డ్యూటీల పట్టిక) కూడా చూడండి. రాత్రి 8కి దిగిన మనిషికి మరుసటి పొద్దున 8కే మళ్లీ డ్యూటీ వేస్తే, ఊరికి పోయి తిని పడుకుని లేచి రావడానికి ఆ పన్నెండు గంటలు సరిపోకపోవచ్చు. అక్కడ తప్పు డ్యూటీలు వేసినవాళ్లది.

ఏ వరసా లేకుండా ఒకరోజు ఐదు నిమిషాలు, ఒకరోజు గంట, ఒకరోజు ఫోన్ కూడా ఎత్తకపోతే అది టైములు జరిపితే తీరేది కాదు. ఇంట్లో జబ్బో, తాగుడో, ఇంకో చోట పనో ఉండొచ్చు. ఆ సంగతి తోటి ఉద్యోగిగా మీరు తేల్చలేరు, ఇన్‌ఛార్జి దాకా పోవాల్సిందే.

మాట్లాడే తీరు

లేటుగా అడుగుపెట్టిన నిమిషంలో అడగొద్దు. అతను రొప్పుతూ వచ్చి ఉంటాడు, మీరు బయటికి పోయే తొందరలో ఉంటారు, చుట్టూ జనం ఉంటారు. మరుసటి రోజు టీ వేళ మంచిది. ఇద్దరే ఉండాలి, ముగ్గురు కలిసి ఒకరిని అడిగితే పంచాయితీ అవుతుంది. వాట్సాప్ గ్రూపులో అసలు వద్దు. అక్కడ పెట్టిన మాటకు జవాబు అక్కడే వస్తుంది, రెండూ అందరి ఫోన్లలో మిగిలిపోతాయి.

వయసులో పెద్దవాళ్లయితే వాళ్ల తప్పుతో కాకుండా మీ ఇబ్బందితో మొదలుపెట్టండి: "అన్నా, ఈ రెండు వారాల్లో ఏడు రోజులు రెండున్నర దాకా ఉండాల్సొచ్చింది. ఇంట్లో మా అమ్మకు మూడింటికి మందు వేయాల. నీకు బస్సు అందట్లేదా, ఇంకేమన్నా ఉందా? ఏదుంటే అది చెప్పు, చూసుకుందాం." ఆ తర్వాత ఆగండి. వాళ్లను చెప్పనివ్వండి. "జీతం తీసుకోవట్లేదా", "ఫలానా అక్క ఇంకా దూరం నుంచి వస్తోంది కదా" అంటే ఇక మాట వినరు.

"రేపట్నుంచి బిరీన వస్తాలే" అనేది ఒప్పందం కాదు. ఎన్ని గంటలకు, ఎప్పటిదాకా అనేది తేలాలి: "ఈ శనివారం దాకా 1.50కల్లా." లేటయ్యేట్టుంటే 1.30 లోపల ఫోన్ చేయాలనీ, "దారిలో ఉన్నా" అనకుండా "ఇప్పుడే రాప్తాడు దాటినా" అని చోటు చెప్పాలనీ అడగండి. చోటు తెలిస్తే ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకుని, అప్పగింతకు ఏం సిద్ధం చేయాలో చూసుకోవచ్చు.

అప్పగింతను కుదించండి

లేటు పావుగంటే అయినా, అప్పగింత ఇంకో పావుగంట తినేస్తుంది. ఇది మీ చేతిలో ఉన్న భాగం.

నర్సులు 1.45కల్లా అప్పగింత కాగితం పూర్తి చేసుకోవాలి: ఏ బెడ్‌కు ఏ మందు బాకీ ఉంది, సెలైన్ ఎప్పటికి అయిపోతుంది, ఏ రిపోర్టు రావాలి, ఎమర్జెన్సీ ట్రేలో మందుల లెక్క. రిలీవర్ వచ్చాక బెడ్ల దగ్గర ఒక్క చుట్టు తిరిగితే అయిపోవాలి. కాగితం ఉంది కదా అని ఆ చుట్టు మానొద్దు. నోటితో చెప్పి పోయిన వార్డులోనే డోసు రెండుసార్లు పడటమో, అసలు పడకపోవడమో జరుగుతుంది.

బంకులో క్యాష్, కార్డు, ఫోన్‌పే మూడు లెక్కలూ పది నిమిషాల ముందే వేరు చేసి పెట్టుకుంటే, చివరి రీడింగ్ రాసి తీసివేత చేయడమే మిగులుతుంది. రీడింగ్ మాత్రం ఇద్దరూ కలిసి చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. రిలీవర్ రాకముందే రీడింగ్ రాసి పోతే, ఆ మధ్యలో తగ్గిన డబ్బు మీ మెడకే చుట్టుకుంటుంది.

షాపులో సమస్య తాళంచెవి. తాళం ఒక్కరి దగ్గరే ఉండి ఆ ఒక్కరే లేటైతే మిగతావాళ్లందరూ షట్టర్ ముందు నిలబడాలి, బోణీ బేరం పక్క షాపుకు పోతుంది. రెండో తాళం దగ్గర్లో ఉండే ఇంకొకరికి ఇప్పించండి. చాలా షాపుల్లో దీంతోనే సగం తలనొప్పి పోతుంది.

రిలీవర్ రాకపోతే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. పది నిమిషాలు దాటితే ఇన్‌ఛార్జికి ఫోన్, ఇరవై నిమిషాలు దాటితే ఇన్‌ఛార్జే వచ్చి నిలబడటం లేదా ఇంకొకరిని పంపడం. దీన్ని కాగితం మీద రాయించి గోడకు అంటించండి. వార్డును, క్యాష్‌ను, నడుస్తున్న మిషన్‌ను ఎవరికీ అప్పజెప్పకుండా వదిలి పోకూడదు. ఎంత న్యాయం మీవైపున్నా ఆ ఒక్క పనితో తప్పు మీదవుతుంది.

ఇద్దరూ సరిసమానమైన ఉద్యోగులైతే నిమిషాల బాకీ కూడా పనిచేస్తుంది. ఈ వారం అతని వల్ల మీకు 60 నిమిషాలు పోతే, వారంలోపే ఒకరోజు అతను గంట ముందు వచ్చి మిమ్మల్ని పంపాలి. ఇన్‌ఛార్జికి చెప్పి చేయండి. బాకీని రెండో వారంలోకి పోనివ్వొద్దు, పేరుకుంటే తీరదు.

ఎంత స్నేహం ఉన్నా చేయకూడనిది ఒకటుంది: వాళ్ల బదులు సంతకం పెట్టడం, కార్డు కొట్టడం. రిజిస్టర్లో ఉన్న మనిషి ఆ వేళకు లోపల లేకుండా ఏదన్నా ప్రమాదం జరిగితే, దొంగ హాజరు వేసిన మీరే ముందు జవాబు చెప్పాలి.

ఇన్‌ఛార్జి దగ్గరికి

మాట్లాడిన తర్వాత ఇంకో రెండు వారాలు చూసి, మార్పు లేకపోతేనే పోండి. ముందు ఆ మనిషికి చెప్పండి: "అక్కా, నాకు కుదరట్లేదు, రేపు సార్‌కు చెప్తా." వెనకాల చెప్పారన్న మాట రాకూడదు. రాతలో నాలుగు వాక్యాలు చాలు:

"ఈ నెల 1 నుంచి 24 వరకు మధ్యాహ్నం షిఫ్టు రిలీవర్ 9 రోజులు 15 నుంచి 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. తేదీలు, ఆగిన పనులు కింద రాశాను. వారితో ఈ నెల 10న మాట్లాడాను. షిఫ్టు మార్పును 2.30కి జరపాలని, లేదా నేను అదనంగా ఉన్న టైముకు ఓవర్‌టైమ్ లెక్క కట్టాలని కోరుతున్నాను."

చివర్లో ఏం కావాలో అడగకపోతే అది చాడీగా మిగిలిపోతుంది.

ఓనర్లు, మేనేజర్లు చూసుకోవాల్సినవి

రోజూ పది నిమిషాల వెసులుబాటు ఇస్తే నెలలోపే అందరూ పది నిమిషాల తర్వాతే వస్తారు. నెలకు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాల దాకా అని పరిమితి పెట్టండి. టైముకు గేటు మూసి వెనక్కి పంపడం కూడా తప్పే: లేటైన మనిషి ఇంటికి పోతాడు, లోపల ఉన్న మనిషి రెండో షిఫ్టు కూడా చేయాల్సొస్తుంది.

పావుగంటకు సగం రోజు జీతం కోసేవాళ్లున్నారు. పని చేయని టైముకు ఎంతో అంతే కోయాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. నెలకు 15,000 జీతం, 26 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు 72 రూపాయలు. పావుగంటకు కోయాల్సింది 18. సగం రోజంటే 288. ఆ తేడా చూసిన మనిషి, పావుగంట లేటయ్యేరోజు ఇక మధ్యాహ్నం దాకా రాడు. అదే సమయంలో రిలీవర్ కోసం ఆగిన మనిషి మామూలు పనిగంటలు దాటితే ఆ టైముకు రెట్టింపు కట్టాలి. ఈ రెండో లెక్క సరిగ్గా కడితే, లేట్లను అరికట్టాలన్న పట్టుదల మేనేజ్‌మెంట్‌కే వస్తుంది.

అలవాటుగా లేటు రావడం 1946 నాటి కేంద్ర నిబంధనల్లోని నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో (ఉద్యోగుల పని నియమాల్లో) దుష్ప్రవర్తన కింద ఉంది. అయినా నేరుగా తీసేయడానికి లేదు. ముందు నోటిమాట, తర్వాత తేదీలతో మెమో, ఆ తర్వాత సంజాయిషీ నోటీసు, జవాబు విన్నాకే చర్య. మెమోలో తేదీలు లేకపోతే అది నిలవదు.

మార్పు వచ్చాక మొదటి రెండు వారాలు బాగుంటాయి. మూడో వారంలో 1.50 కాస్తా 1.58 అవుతుంది, ఆ తర్వాత 2.05. ఆ మూడో వారంలో బుక్కు మళ్లీ తెరిచి ఆరు రోజులు రాయండి. జారుతున్నట్టు కనబడితే అదే టీ వేళ, అదే మెత్తని మాటతో, "అన్నా, మళ్లీ ఐదు నిమిషాలు జరుగుతాంది" అని అప్పుడే చెప్పేయండి.