రోహిణి కార్తెకి ముందే పాత వ్యాన్ రేడియేటర్ హోస్‌లు చూసుకోండి

విశాఖలో బడికి సెలవులివ్వగానే అరకు, బొర్రా గుహల ట్రిప్పులు మొదలవుతాయి, ఇంట్లో పాత మారుతి ఓమ్నీ వ్యాన్ ఉన్నవాళ్లు పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించుకుని బయల్దేరిపోతారు. టైర్లు చూస్తారు, బ్రేకులు చూస్తారు, ఆయిల్ మార్పిస్తారు. ఇంజన్‌కీ, దాన్ని చల్లబరిచే రేడియేటర్‌కీ మధ్య నీళ్లు తిప్పే రబ్బరు గొట్టాల్ని, అంటే పై, కింది రేడియేటర్ హోస్‌లని మాత్రం అవి పగిలేదాకా ఎవరూ ముట్టుకోరు. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు తిరుగుతున్నవన్నీ పాతవే, అందులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకైతే హోస్‌లు ఎప్పుడు మార్చారో తెలిసే దారే లేదు. తెలియకపోతే ఎండలు ముదరకముందే రెండూ మార్చేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, హోస్ పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల పాడవుతుంది. ఇనుము, అల్యూమినియం లాంటి వేర్వేరు లోహాల మధ్య కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తిరుగుతుంటే సన్నటి కరెంటు పుట్టి, రబ్బరు లోపలి పొర పగుళ్లు తేలుతుంది. అది ఎక్కువగా హోస్ చివర్లని బిగించే క్లిప్పుల దగ్గరే, చివరి రెండు అంగుళాల్లోనే జరుగుతుంది. అందుకే కంటితో చూస్తే చాలదు, చేత్తో నొక్కాలి. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, హోస్‌ని మధ్యలో ఒకసారి, క్లిప్పు పక్కన ఒకసారి వేళ్లతో నొక్కండి. చివర మెత్తగా ఉండి మధ్యలో గట్టిగా ఉన్నా, ఎక్కడైనా ఉబ్బినా, నొక్కితే లోపల కరకరమన్నా దాని పని అయిపోయినట్టే. ఆయిల్ కారి తడిసిన హోస్‌ని కూడా నమ్మొద్దు, ఆయిల్ తగిలితే ఈ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. గాజువాక నుంచి భీమిలి దాకా ఎక్కడున్నా మనకి సముద్రపు గాలే కదా, క్లిప్పులు తొందరగా తుప్పు పడతాయి, కాబట్టి కొత్త హోస్‌కి పాత క్లిప్పు వేయనివ్వకండి.

ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, ఈ సంగతి అస్సలు మర్చిపోవద్దు. చాలా బండ్ల రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటుంది, అంటే 0.9 బార్ ఒత్తిడి దాకా ఆపుతుందని. ఆ ఒత్తిడి వల్లే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతాయి. హోస్ పగిలిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, అవే నీళ్లు ఒక్కసారిగా ఆవిరైపోతాయి. కంగారులో సీటు ఎత్తినా, మూత తిప్పినా మొహం, చేతులు కాలిపోతాయి. బండి పక్కకి ఆపి, అందరినీ దించి, కనీసం ముప్పావు గంట దాన్ని వదిలేయండి. అప్పుడు కూడా చెయ్యి పెడితే వేడి తెలియడం లేదు అనుకున్నాకే, మందపాటి గుడ్డ వేసి మూత కొద్దికొద్దిగా తిప్పాలి. వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌కి పగులు రావచ్చు.

మార్చే పని కష్టమేమీ కాదు, కానీ తొందరపడితే ఖర్చు పెరుగుతుంది. చల్లటి బండికి ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంటే చెప్పకుండా తిరగొచ్చు. పాత హోస్ రాకపోతే బలంగా మెలితిప్పకండి, హోస్ ఎక్కే రేడియేటర్ మెడ విరిగితే రేడియేటరే మార్చాలి. హోస్‌ని బ్లేడుతో నిలువుగా చీల్చి ఒలిచేయడం మేలు. మెడ మీద పొలుసు కట్టినదాన్ని సన్న ఎమెరీ పేపరుతో తుడిచి, హోస్ ఎక్కడానికి సబ్బునీళ్లు రాయండి, గ్రీజు మాత్రం వద్దు. క్లిప్పు మెడ మీది గట్టుకి లోపలి వైపు కూర్చోవాలి. రబ్బరు తెగేంత బిగించక్కర్లేదు. కింది హోస్‌లో స్ప్రింగు ఉంటే కొత్తదానిలోనూ ఉండాలి, లేకపోతే పంపు లాగినప్పుడు గొట్టం నొక్కుకుపోవచ్చు.

తర్వాత బోరు నీళ్లు పోయకండి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి, మూత తీసే ఉంచి ఇంజన్ ఆన్ చేయండి. హీటర్ ఉంటే ఫుల్‌లో పెట్టండి. వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు, థర్మోస్టాట్, తెరుచుకుని పై హోస్ వేడెక్కేదాకా బుడగలు వస్తూనే ఉంటాయి, మట్టం తగ్గుతూ ఉంటుంది, పోస్తూ ఉండాలి. ఆ గాలి పోకపోతే కొత్త హోస్ వేసినా బండి హీటెక్కుతుంది, అప్పుడు మెకానిక్ థర్మోస్టాట్ పీకేద్దాం అంటాడు, ఒప్పుకోవద్దు. ఊళ్లోనే ఒక రౌండు తిప్పి, మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులు మళ్లీ ఒకసారి బిగించి మట్టం చూసుకోండి. తీసిన పాత కూలెంట్‌ని కాలవలోకో రోడ్డు మీదకో వదలకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు తాగుతాయి, అది వాటికి విషం.

ఘాట్ ఎక్కేరోజు ఐదు లీటర్ల నీళ్లు, ఒక స్క్రూడ్రైవర్, రెండు క్లిప్పులు, పనికొచ్చే స్థితిలో ఉన్న స్పేర్ హోస్ బండిలో పెట్టుకోండి. శృంగవరపుకోట దాటితే మలుపులే మలుపులు, అనంతగిరి దాకా తక్కువ గేరులో ఎక్కాలి, ఇంజన్‌కి గాలి తక్కువ, పని ఎక్కువ. ఎక్కేముందు శృంగవరపుకోటలోనే ఆపి బండి కింద తడి ఉందేమో వంగి చూడండి. పైకి వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్నుండాలి. అప్పటిదాకా పైకి వెళ్తున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంతోషపడకండి, సెన్సరు దగ్గర నీళ్లే లేకుండా పోయి ఉండొచ్చు, వెంటనే ఆపేయండి.